నీళ్ళు దూరేది అతుకు దగ్గరే: పుట్టి నుంచి ఫిష్ ఫైండర్ దాకా



ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది చాలా చిన్న వస్తువు గురించి. కయాక్ మీద ఫిష్ ఫైండర్ పెట్టుకుంటే దాని వెనకాల ఒకటో రెండో ప్లగ్గులుంటాయి. బ్యాటరీ నుంచి వచ్చే తీగ ఒకటి, నీళ్ళలో ఉండే ట్రాన్స్‌డ్యూసర్ నుంచి వచ్చే తీగ ఒకటి. ప్లగ్గు చూస్తే బొటనవేలంత ఉంటుంది. పెట్టె ఖరీదు వేలల్లో ఉంటుంది. కానీ ఒక వానాకాలం గడిచాక ముందు మూలపడేది పెట్టె కాదు, ఆ బొటనవేలంత ప్లగ్గు. తెర మీద గీతలు పడతాయి, తర్వాత వెలిగి ఆరుతుంటుంది, ఒకరోజు అసలు వెలగదు. విప్పి చూస్తే లోపల పచ్చటి తుప్పు.

కొత్తగా వినేవాళ్ళ కోసం ఒక్క మాట. కయాక్ అంటే ఒక్కరు కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి పడవ. ఫిష్ ఫైండర్ అంటే నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి కింద లోతెంత, మధ్యలో చేపలున్నాయా అని గీసి చూపించే యంత్రం. పెద్ద పడవలో ఇలాంటివి గదిలో పొడిగా ఉంటాయి. కయాక్‌లో గది ఎక్కడిది? అన్నీ నీళ్ళకి జానెడు దూరంలోనే. తెడ్డు లేచినప్పుడల్లా చుక్కలు పడుతూనే ఉంటాయి.

మరి ఇందులో చరిత్ర ఏముంది అంటారా? చాలా ఉంది. కరెంటు తీగని నీళ్ళలోకి దింపాలని మనుషులు ప్రయత్నించడం మొదలై రెండు వందల ఏళ్ళు కావస్తోంది. అన్నేళ్ళలోనూ తీగ నడుమ భాగం కంటే తీగ కొసలు, తీగ అతుకులు పెట్టిన తిప్పలే ఎక్కువ. ఇంకో సంగతి కూడా ఉంది. నీళ్ళని బయట ఆపే ఆ విద్య మన కృష్ణ ఒడ్డున చాలా కాలం నుంచి ఉన్నదే. అందుకే కథని పెబ్బేరు నుంచి మొదలుపెడదాం.

పెబ్బేరు అంటే చాలామందికి గుర్తొచ్చేది సంత. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. ఇక్కడ మత్స్య కళాశాల కూడా ఉంది. రోడ్డు పట్టుకుని కాస్త దక్షిణానికి పోతే బీచుపల్లి, అక్కడ కృష్ణ. ఎగువన జూరాల ప్రాజెక్టు. దిగువకి పోతే అలంపురం దగ్గర తుంగభద్ర వచ్చి కలుస్తుంది. అక్కడి నుంచి సోమశిల మీదుగా శ్రీశైలం దాకా నీళ్ళే నీళ్ళు.

ఈ నీళ్ళ కింద ఏముందో ఆలోచించండి. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఊళ్ళకి ఊళ్ళే మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి కట్టారు. గుళ్ళని తెచ్చుకోగలిగాం, ఇళ్ళ గోడల్ని, బావుల్ని, చెట్ల మొద్దుల్ని తెచ్చుకోలేదు కదా. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలం వచ్చేసరికి అది పదుల అడుగులు కిందికి పోతుంది. అంటే పోయిన నెల పడవ హాయిగా పోయిన చోట ఈ నెల మొద్దు తగలొచ్చు, వల చిక్కుకుని చిరగొచ్చు. కింద ఏముందో తెలుసుకోవడం ఇక్కడ సరదా కాదు, అవసరం.

ఇలాంటి నీళ్ళ మీద మనవాళ్ళు వాడిన పడవ ఏది? పుట్టి. గుండ్రటి బుట్ట పడవ. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఆనెగొంది దగ్గర తుంగభద్ర దాటించే పుట్టి గురించి రాశాడు. లోపల పేము అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతారు, తెడ్డు వేస్తుంటే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది అన్నాడు. ఆ తుంగభద్రే కిందికొచ్చి మన దగ్గర కృష్ణలో కలిసేది.

పుట్టిలో ఉన్నవి మూడే సంగతులు. ఆకారం నిలబెట్టడానికి అల్లిక. నీళ్ళని ఆపడానికి మీద తోలు. తోలుకి కుట్టు పడిన చోట, అల్లిక కొసల దగ్గర పూత. తర్వాతి కాలంలో తోలు పోయి ప్లాస్టిక్ పట్టా వచ్చింది, మీద తారు పూస్తారు. వస్తువు మారింది కానీ పద్ధతి మారలేదు. తెలుగులో ‘కీలు’ అనే మాట ఉంది చూడండి. కీలు అంటే అతుకు. మోకాలి కీలు, తలుపు కీలు అంటాం. పాత తెలుగులో అదే ‘కీలు’కి తారు అనే అర్థం కూడా ఉంది. రెండు వేరు వేరు మాటలే, పలకడం మాత్రం ఒక్కటే. పడవ పని చేసేవాళ్ళకి మాత్రం ఆ రెండూ పక్కపక్కనే ఉండాల్సినవి. కీలు ఉన్న చోట కీలు పూయాలి.

ఇక కయాక్ ఎక్కడిది? ఉత్తర ధ్రువం దగ్గరి మంచు దేశాల ఇన్యూట్ ప్రజలది. సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన కర్రలతో చట్రం కట్టి, దాని మీద సీల్ చర్మం బిగించి కుట్టేవాళ్ళు. పుట్టికి చుట్టమే అన్నమాట. ఆ కుట్టులో ఒక నేర్పు ఉంది. సూది చర్మాన్ని ఆ పక్క నుంచి ఈ పక్కకి పూర్తిగా గుచ్చుకుపోదు. మందంలో సగం దాకా పోయి పక్కకి తిరుగుతుంది. రంధ్రమే పడకపోతే నీళ్ళు రావు కదా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు కరెంటు దగ్గరికి వద్దాం. 1800లో ఇటలీలో వోల్టా తొలి బ్యాటరీ సంగతి బయటపెట్టాడు. అదే ఏడాది మే నెలలో లండన్‌లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు దాన్ని చేసి చూస్తున్నారు. తీగ సరిగ్గా ఆనడం లేదని అతుకు దగ్గర ఒక నీటి చుక్క వేశారు. ఆ చుక్కలో సన్నటి బుడగలు లేచాయి. ఇదేంటని గొట్టంలో నీళ్ళు పోసి రెండు ఇత్తడి తీగలు పెట్టి చూస్తే, ఒక తీగ దగ్గర హైడ్రోజన్ వాయువు వచ్చింది, రెండో తీగ రంగు మారి తినేసినట్టయింది. నీటిని కరెంటు విడగొడుతుందని లోకానికి తెలిసింది అలా.

రసాయన శాస్త్రానికి అది పెద్ద పండుగ. మన ప్లగ్గుకి మాత్రం అదే జబ్బు. ప్లగ్గు లోపల ప్లస్ పిన్ను, మైనస్ పిన్ను పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య ఒక్క చుక్క నీరు చేరి, బ్యాటరీ కూడా తగిలించే ఉందనుకోండి, 1800 నాటి ప్రయోగం అక్కడ మళ్ళీ జరుగుతుంది. ప్లస్ పిన్ను కరిగిపోతుంది. ఉత్త తడి వల్ల వచ్చే తుప్పు నెలలు తీసుకుంటే, తడికి కరెంటు తోడైతే రోజులు చాలు. అందుకే ఒడ్డుకి రాగానే ముందు బ్యాటరీ తీగ పీకేయాలి అంటారు. ఊరికే చెప్పే జాగ్రత్త కాదు అది.

తర్వాతి మలుపు మన దేశంలోనే జరిగింది. 1839. కలకత్తా. విలియం బ్రూక్ ఓషానెసీ అనే ఐరిష్ డాక్టరు. కలరా రోగుల రక్తం నుంచి నీళ్ళు, ఉప్పులు పోతున్నాయని పరీక్షించి చెప్పి, ఇవాళ్టి సెలైన్‌కి దారి వేసిన వాళ్ళలో ఒకడు. కలకత్తా మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. బొటానికల్ గార్డెన్ దగ్గర వెదురు గడల మీద తీగ లాగి టెలిగ్రాఫ్ ప్రయోగాలు చేశాడు. పక్కనే హుగ్లీ నది ఉంది. దాన్ని దాటాలంటే తీగని నీళ్ళలోంచే తీసుకుపోవాలి. నీళ్ళలో తీగ వేస్తే కరెంటు నీళ్ళలోకే పోతుంది కదా, ఏం చేయాలి?

ఆయన చేసింది ఇది. తీగ చుట్టూ నూలు దారం, దానికి తారు పట్టించాడు. దాని మీద నిలువునా చీల్చిన పేము తొడుగు. మళ్ళీ దాని మీద తారు పట్టించిన నార. అలా కట్టిన తీగని హుగ్లీలో దింపి సంకేతాలు పంపాడు. నది అడుగున టెలిగ్రాఫ్ తీగ వేసిన ప్రయోగాల్లో ప్రపంచంలోనే తొలినాటిది అది.

పేము, తారు, నార. పాయెస్ చూసిన పుట్టిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నేననేది ఓషానెసీ పుట్టిని చూసి కాపీ కొట్టాడని కాదు. నీటి పక్కన బతికే మనిషికి చేతికి అందే వస్తువులు అవే. సమస్య ఒకటే అయినప్పుడు జవాబు కూడా ఒకేలా వస్తుంది. లోపల నీళ్ళు పట్టనిది ఒకటి, మీద దెబ్బ కాచేది ఒకటి, సందుల్లో పూత. ఆ మూడు పొరల లెక్క అక్కడి నుంచి ఇవాళ్టి దాకా మారలేదు.

అయితే తారు పట్టించిన దారం ఎన్నాళ్ళో ఆగదు. 1840లలో మలయా అడవుల నుంచి గట్టాపెర్చా అనే చెట్టు పాలు యూరప్‌కి చేరాయి. రబ్బరు లాంటిదే కానీ వేడి నీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. తీగకి తొడుగులా పోయొచ్చు. 1848లో మైకేల్ ఫారడే ఇది కరెంటుని బాగా ఆపుతుందని రాశాడు. జర్మనీలో వెర్నర్ సీమెన్స్ తీగల మీద అతుకు లేకుండా దాన్ని పోసే యంత్రం చేశాడు.

1850 ఆగస్టు 28న బ్రెట్ సోదరులు ఇంగ్లండులోని డోవర్ నుంచి ఫ్రాన్స్ ఒడ్డుకి సముద్రం అడుగున రాగి తీగ వేశారు. మీద గట్టాపెర్చా తొడుగు ఒక్కటే, ఇంకేమీ లేదు. మునగడానికి సీసం బరువులు కట్టారు. ఒడ్డు చేరింది, నాలుగు ముక్కలు అటూ ఇటూ పోయాయి. మర్నాటికి మూగబోయింది. ఒక ఫ్రెంచి జాలరి వలలో పడితే, ఇదేదో వింత నాచు, లోపల బంగారం ఉంది అనుకుని ముక్క కోసి పట్టుకెళ్ళాడని చెప్పుకుంటారు. పాపం ఆ జాలరి తప్పేముంది? వల వేసే చోట మెత్తటి తొడుగుతో తీగ పరిచినవాళ్ళదే పొరపాటు. మరుసటి ఏడాది నాలుగు తీగలు కలిపి, తారు పట్టించిన నార చుట్టి, ఆ పైన పది ఇనుప తీగలు మెలేసి కవచంలా కట్టారు. 1851 నవంబరులో ఆ లైను జనానికి తెరిచారు. ఏళ్ళ తరబడి పనిచేసింది. చూడండి, ఇక్కడ కూడా తారు, నార.

కయాక్ మీద ఈ కథ రోజూ జరుగుతుంది. ఇనుప కవచం మనకి అక్కర్లేదు. కానీ గాలం, చేపల కత్తి, కాలు, లంగరు తాడు, ఇవన్నీ ఆ తీగ దగ్గరే తిరుగుతుంటాయి. తీగని వదులుగా అడ్డదిడ్డంగా వదిలేస్తే ఎవరో ఒకరు లాగుతారు. లాగిన లాగుడు పోయి ప్లగ్గు మీద పడుతుంది. ప్లగ్గుకి జానెడు దూరంలోనే తీగని ఒక కేబుల్ టై తో బిగిస్తే, ఆ లాగుడు కట్టు దగ్గరే ఆగిపోతుంది.

తర్వాత అట్లాంటిక్. 1857లో తయారైన అట్లాంటిక్ తీగలో కొంత భాగాన్ని ఆరుబయట ఎండలో పెట్టారు. గట్టాపెర్చా మెత్తబడింది. లోపలి రాగి తీగ నడిమధ్యన ఉండాల్సింది పక్కకి జరిగింది. ఒక పక్క తొడుగు పల్చబడింది. చూడ్డానికి పైన ఏ తేడా లేదు. 1858 ఆగస్టులో ఆ తీగ రెండు ఖండాలని కలిపింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం దాటడానికి పదహారు గంటలు పట్టింది. సంకేతం బలహీనంగా ఉందని వైట్‌హౌస్ అనే ఇంజనీరు దాదాపు రెండు వేల వోల్టులు తోశాడు. పల్చబడిన తొడుగు దాన్ని తట్టుకోలేదు. మూడు వారాల్లో తీగ చచ్చిపోయింది. మళ్ళీ నిలిచే లైను పడేసరికి 1866 అయింది. ఆ ఏడాదే గ్రేట్ ఈస్టర్న్ ఓడ 1865లో నడి సముద్రంలో తెగి మునిగిన తీగని కొక్కేలతో పైకి లాగింది. ఓడ మీదే అతుకు వేసి అవతలి ఒడ్డుకి చేర్చింది. మైళ్ళ కొద్దీ తీగ ఏడాది పాటు సముద్రం అడుగున చెక్కుచెదరకుండా ఉంది. కావలసింది ఒక్క మంచి అతుకు.

ఎండ సంగతి మన పెబ్బేరు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో గట్టున పెట్టిన కయాక్ మీద చెయ్యి వేయలేం. ఆ వేడికి, ఆ వెలుతురుకి చవక తీగల తొడుగు బిరుసెక్కి పగుళ్ళిస్తుంది. వెంట్రుకంత పగులు చాలు. బయట వాడే మంచి తీగలు నల్లగా ఎందుకుంటాయో తెలుసా? ప్లాస్టిక్‌లో మసి పొడి కలుపుతారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలికి పోకుండా ఆ మసి ఆపుతుంది.

ఇప్పటిదాకా తీగ కథ. ఇప్పుడు చేపని వినే కథ. 1826లో జెనీవా సరస్సులో కొలాడన్, స్టర్మ్ అనే ఇద్దరు నీళ్ళలో శబ్దం ఎంత వేగంగా పోతుందో కొలిచారు. ఒక పడవ దగ్గర నీళ్ళలో గంట కొట్టి, అదే క్షణంలో పైన మందుగుండు వెలిగించడం. మైళ్ళ అవతల ఇంకో పడవలో మనిషి నీళ్ళలో గొట్టం పెట్టుకుని వినడం. మెరుపు కనిపించాక మోత వినిపించడానికి ఎంతసేపు పట్టిందో లెక్క. సెకనుకి 1,435 మీటర్లు వచ్చింది. గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే.

1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలని నొక్కితే కరెంటు పుడుతుందని కనిపెట్టారు. తిరగేసి కరెంటు ఇస్తే ఆ స్ఫటికం కంపిస్తుంది కూడా. 1912లో టైటానిక్ మునిగాక మంచుకొండల్ని ముందే పసిగట్టాలన్న ఆరాటం పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల కోసం ఫ్రాన్స్‌లో లాంజెవిన్ క్వార్ట్జ్ స్ఫటికంతో నీళ్ళలోకి శబ్దం పంపి వినే పరికరం చేశాడు. ఇవాళ్టి ట్రాన్స్‌డ్యూసర్‌కి తాత అదే.

చేపల దాకా రావడానికి ఇంకొంత కాలం పట్టింది. 1929లో జపాన్‌లో కిమురా చేపల చెరువులోనే ప్రయోగం చేసి, శబ్దంతో చేపల్ని పట్టుకోవచ్చని చూపించాడు. 1935లో నార్వేలో ఓస్కార్ సుండ్ కాడ్ చేపల గుంపుని ప్రతిధ్వని గీతల్లో కాగితం మీదికి తెచ్చాడు. జపాన్‌లోని నాగసాకి ప్రాంతంలో పడవలకి కరెంటు పని చేసే ఫురునో సోదరులు 1948లో చేపల వాళ్ళు నిజంగా వాడుకోగల యంత్రాన్ని అమ్మకానికి తెచ్చారు. చేపలున్న చోట బుడగలు లేస్తాయి అని జాలరి చెప్పిన మాటే ఫురునోకి దారి చూపిందంటారు. చేప పొట్టలో గాలి తిత్తి ఉంటుంది. శబ్దం బాగా తిరగ్గొట్టేది చేప మాంసం కాదు, ఆ గాలే. మన బొచ్చె, రవ్వ, వీటన్నిటికీ ఆ తిత్తి ఉంది కాబట్టే తెర మీద కనిపిస్తాయి. 1950ల చివర అమెరికాలో లోరెన్స్ కుటుంబం ట్రాన్సిస్టర్లతో, చేత్తో పట్టుకుపోగల చిన్న ఆకుపచ్చ పెట్టె చేసింది. అప్పుడే ఈ యంత్రం ఓడ దిగి చిన్న పడవ ఎక్కింది. చిన్న పడవ ఎక్కిన రోజే తడి సమస్య కూడా ఎక్కింది.

ఒక లెక్క చూడండి. కింద పదిహేను మీటర్ల లోతు ఉంది. శబ్దం పోయి రావాలంటే ముప్పై మీటర్లు. సెకనులో యాభయ్యో వంతులో వచ్చేస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ గట్టిగా అరుస్తుంది, కానీ తిరిగొచ్చేది గుసగుస. ఆ గుసగుసని పెట్టె దాకా మోసుకొచ్చేది ఆ సన్నటి తీగ. దాని ప్లగ్గులో ఇంత తడి ఉన్నా, పిన్ను మీద ఇంత తుప్పు ఉన్నా, గుసగుస కాస్తా గోలలో కలిసిపోతుంది. తెర మీద గీతలు వచ్చినప్పుడు చాలామంది యంత్రం పోయిందనుకుంటారు. చాలాసార్లు పోయింది ప్లగ్గు మాత్రమే.

ఇక చివరి అంచె, ప్లాస్టిక్. 1933 మార్చిలో ఇంగ్లండులోని ఐసీఐ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ వేరే పని మీద ఉంటే, పాత్ర అడుగున మైనం లాంటి తెల్లటి పదార్థం మిగిలింది. అదే పాలిథీన్. మొదట్లో దాన్ని సంచులకి కాదు, తీగల తొడుగుకి వాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తీగలు, తర్వాత 1956లో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి టెలిఫోన్ తీగ, అన్నీ పాలిథీన్ తొడుగువే. గట్టాపెర్చా పని అయిపోయింది. ఇవాళ మార్కెట్లో దొరికే చేపల వేట కయాకులు కూడా ఎక్కువ భాగం పాలిథీన్‌తో పోసినవే. అంటే పడవ ఒంటికీ, తీగ ఒంటికీ ఒకటే తోలు. పడవ ఒళ్ళు కారదు, తీగ ఒళ్ళు కారదు. మిగిలినవి మళ్ళీ ఆ రెండే: రంధ్రాలు, అతుకులు.

వాటికి కూడా యుద్ధం నాటి సాయం ఉంది. 1943లో మొదలైన డౌ కార్నింగ్ కంపెనీ తొలి సరుకు ఒక సిలికాన్ గ్రీజు. చాలా ఎత్తున ఎగిరే విమానాల ఇంజిన్లలో కరెంటు అతుకుల దగ్గర లీకవకుండా పూసేవాళ్ళు. ఇవాళ డైఎలెక్ట్రిక్ గ్రీజు అని అమ్మేది ఆ జాతిదే. 1957లో కాలిఫోర్నియాలో పాల్ కుక్ మొదలుపెట్టిన రేకెమ్ కంపెనీ, రేడియేషన్ తగిలించిన పాలిథీన్‌తో వేడికి ముడుచుకునే గొట్టాలు చేసింది. మన హీట్ ష్రింక్ గొట్టాల మూలం అది.

సరే, చరిత్ర అంతా విన్నాక మన కయాక్ దగ్గర ఏం చేయాలి? వరసగా చెప్తాను.

బ్యాటరీ దగ్గర మొదలుపెడదాం. బ్యాటరీని మూత గట్టిగా పడే పెట్టెలో పెట్టండి. ప్లస్ తీగ మీద, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఫ్యూజు ఉండాలి. ఎన్ని ఆంపియర్లదో యంత్రంతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది, అంతకి మించి వేయకండి. 12 వోల్టులు మనిషిని ఏం చేస్తాయి అనుకోవద్దు. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే షాక్ కాదు, మంట భయం.

తీగకి అతుకు వేయాల్సి వస్తే తగరం పూత ఉన్న రాగి తీగ తీసుకోండి. ఉత్త రాగి కంటే నెమ్మదిగా తుప్పు పడుతుంది. మెలిపెట్టి టేపు చుట్టడం అతుకు కాదు. రాగి పోగుల మధ్య నీళ్ళు ఒత్తిలో నూనె ఎక్కినట్టు ఎక్కుతాయి, తొడుగు లోపలే జానలు జానలు పాకుతాయి. క్రింపు చేసి నొక్కండి, దాని మీద లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం వేయండి. వేడికి జిగురు కరిగి రెండు కొసల నుంచి కాస్త బయటికి పొంగాలి. అలా పొంగితేనే మూసుకున్నట్టు. ఆ జిగురు చేసే పని పుట్టి మీద తారు చేసేదే.

ట్రాన్స్‌డ్యూసర్ తీగ పొడుగెక్కువైందని కోయకండి. దాని లోపల గుసగుసని కాపాడే అల్లిక తొడుగు ఉంటుంది. కోసి అతికితే ఆ కాపలా తెగిపోతుంది. మిగులు తీగని వెడల్పుగా చుట్ట చుట్టి లోపల కట్టేయండి.

ప్లగ్గులో పిన్నులు పూర్తిగా పొడిగా ఉన్నాక, ప్లగ్గు అంచున ఉండే రబ్బరు రింగుకి, పిన్నుల చుట్టూ పల్చగా డైఎలెక్ట్రిక్ గ్రీజు రాయండి. ఇది కరెంటుని మోసేది కాదు, నీళ్ళకి చోటు లేకుండా చేసేది. అందుకని పల్చగానే, కుక్కి నింపకూడదు. ఒంటికి రాసుకునే పెట్రోలియం జెల్లీ మన ఎండకి కరిగి జారిపోతుంది, కొన్ని రకాల రబ్బర్లని ఉబ్బిస్తుంది కూడా. దాన్ని నమ్ముకోకండి.

ప్లగ్గులోకి పోయే ముందు తీగ ఒకసారి కిందికి వంగి మళ్ళీ పైకి లేవాలి. అప్పుడు తీగ వెంట జారే నీళ్ళు ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోతాయి. ఇంటికి కరెంటు తీగ వచ్చే చోట లైన్‌మ్యాన్ ఆ వంపు ఎందుకు వదులుతాడో గమనించండి, అదే సూత్రం.

రంధ్రాల సంగతి. ఇన్యూట్ కుట్టుని గుర్తుపెట్టుకోమన్నాను కదా. గుచ్చకుండా అయ్యే పనికి గుచ్చకండి. చాలా పాలిథీన్ కయాకుల్లో ట్రాన్స్‌డ్యూసర్‌ని లోపలి వైపే, అడుగుకి గాలి బుడగ లేకుండా అతికిస్తే శబ్దం ప్లాస్టిక్ గుండా పోతుంది. సంకేతం కొంచెం తగ్గుతుంది, కానీ రంధ్రం అక్కర్లేదు. ఒకే ఒక పొర ఉన్న చోట అతికించాలి, రెండు పొరల మధ్య గాలి ఉంటే పనిచేయదు. పక్కకి కూడా చూపించే కొత్త రకం ట్రాన్స్‌డ్యూసర్లకి ఇది పనికిరాదు, అవి నీళ్ళలోనే ఉండాలి. తీగ కోసం రంధ్రం తప్పదంటే నీటి మట్టానికి బాగా పైన, రబ్బరు బిగింపు ఉన్న కేబుల్ గ్లాండ్ వేయండి.

పెట్టె మీద ఐపీ67 అని ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఆగుతుందని. ఆ మాట అన్ని ప్లగ్గులూ పెట్టి, మూతలన్నీ వేసి ఉన్నప్పటికి. ఖాళీ సాకెట్టు తెరిచి ఉంచితే ఆ నంబరుకి అర్థం లేదు.

ఒడ్డుకి వచ్చాక ముందు బ్యాటరీ తీగ పీకండి. ప్లగ్గులు విప్పే ముందు పై తడి తుడవండి, విప్పాక కాదు. బురద పట్టి ఉంటే మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, మూతలు వేయండి. తడి తడిగా పెట్టెలో పెట్టి మూయడమంటే నీళ్ళని లోపల బంధించడమే.

ఒక్క మాట. ఎంత జాగ్రత్తగా కట్టినా యంత్రం ఒకరోజు ఆగిపోవచ్చు. అది ఆగిన రోజున కూడా ఒడ్డు ఎటో, గాలి ఎటో తెలిసి ఉండాలి, లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి. పుట్టి వేసే మనిషి దగ్గర తెర లేదు. గడ వేసి లోతు చూసుకుంటాడు, నీళ్ళ రంగు చూసి అడుగు చెప్తాడు. ఆ చూపు మనకీ కావాలి.

ఈ రెండు వందల ఏళ్ళ కథలో వోల్టా, ఫారడే, క్యూరీ లాంటి పెద్ద పేర్లు చాలా విన్నాం. కానీ ప్రతి మలుపులోనూ పనిని నిలబెట్టింది కొస దగ్గర కూర్చుని ఓపిగ్గా మూసిన చెయ్యి. పేము చీల్చిన చెయ్యి, నారకి తారు పట్టించిన చెయ్యి, ఓడ మీద వానలో అతుకు వేసిన చెయ్యి. వాళ్ళ పేర్లు ఎక్కువగా మిగల్లేదు. పుట్టి అల్లిన వాళ్ళ పేర్లూ అంతే. వాళ్ళ పద్ధతి మాత్రం మిగిలింది, ఇవాళ మీ కయాక్ మీద బొటనవేలంత ప్లగ్గు దగ్గర పనికొస్తోంది.

ఈసారి నీళ్ళలోకి దిగేముందు ఒక్కసారి ఆ ప్లగ్గు విప్పి చూడండి. పిన్నులు మెరుస్తున్నాయా, పచ్చబడ్డాయా? ఏం కనిపించిందో కింద రాయండి.